వేళ్ల దాకా రాని కబురు

ఒమన్‌లోని ఖబూరాలో చేపల మార్కెట్‌కు పోయే రోడ్డు మీద ఒక దర్జీ దుకాణం ఉంది. అందులో ఒమనీలు వేసుకునే దిష్‌దాషాలు తప్ప ఇంకేమీ కుట్టరు. ముందు వరసగా మిషన్లు, వాటి వెనక గోడ వారగా ఒక చాప. ఆ చాప ఖమరుద్దీన్‌ది. ఊరు ప్రొద్దుటూరు. మిషన్ మీద కావలసింది అంతా అయిపోయాక ఆ తెల్లటి పొడవాటి బట్ట అతని ఒళ్లోకి వచ్చి పడుతుంది. అంచులు మడిచి కుట్టడం, మెడ చుట్టూ పట్టు దారంతో సన్నటి గీత తీయడం అతని పని. అన్నింటికీ మించి మెడ దగ్గర జానెడు కిందికి వేలాడే దారపు కుచ్చు కట్టడం. దాన్ని ఫురాఖా అంటారు. ఒమనీలు దాన్ని అత్తరులో ముంచుకుని తిరుగుతారు, మాట్లాడుతూ మాట్లాడుతూ ముక్కు దగ్గర పెట్టుకుంటారు. మొగవాడి దర్జా అంతా ఆ కుచ్చులో ఉందనుకుంటారు.

ఖమరుద్దీన్ కుచ్చు కట్టేటప్పుడు దాన్ని చూసేవాడు కాదు. రోడ్డు మీద పోయే బండ్లను చూసేవాడు, వచ్చిన వాళ్లతో ముచ్చట పెట్టేవాడు, ఊళ్లో భార్య జైనబీతో ఫోన్ స్పీకర్లో పెట్టి పోట్లాడేవాడు. వేళ్లు మాత్రం వాటి మానాన అవి చుట్టుకుంటూ, బిగించుకుంటూ పోయేవి. చూసి కట్టేవాడిది కుచ్చు కాదని అతని లెక్క. ఆ గర్వం ఒక్కటే అతనికి ఉన్నది. మిగతా విషయాల్లో చాలా మామూలు మనిషి. కోపం ఎక్కువ, కూరలో కారం ఎక్కువ, ఎవరైనా పొగిడితే రెండు రోజులు మెత్తగా ఉంటాడు.

చేతిపని చేసే దర్జీకి కాళ్లు తిమ్మిరెక్కడం జలుబు చేయడం లాంటిది. పొద్దున బాసింపట్టు వేసుకుని కూచుంటే మళ్లీ లేచేది నమాజుకో, అన్నానికో. పని నేర్పిన ఉస్తాదు కుట్టు కంటే ముందు ఇదే నేర్పుతాడు. లేచేటప్పుడు గోడ పట్టుకో, పాదం నేలకేసి కొట్టు, రక్తం దిగనియ్, అప్పుడు అడుగు వెయ్. ఖమరుద్దీన్ కూడా అలాగే నేర్చుకున్నాడు. ఆ చలికాలంలో అరికాళ్లలో తిమ్మిరి మొదలై, ఎంత కొట్టినా దిగకపోతే, అతను చేసిందల్లా ఇంకా గట్టిగా కొట్టడమే. సిమెంటు మోసేవాడికి పాదం మొద్దుబారితే భయం వేస్తుంది, ఆసుపత్రికి పరిగెత్తుతాడు. దర్జీకి భయం వేయదు. అతని కొంప ముంచింది ఆ భయం లేకపోవడమే.

మడమల దగ్గర వాపు వచ్చింది. అదీ కూచోవడం వల్లే అనుకున్నాడు.

దుకాణం వెనక రూమ్‌లో అతనితో పాటు ఉండేవాడు ఇస్తారి. జగిత్యాల వైపు పల్లె. రోడ్డు పని చేసే కంపెనీలో లేబర్. మతం వేరు, యాస వేరు, కానీ వంట ఒకటే పొయ్యి మీద. ఇస్తారి నోరు ఊరుకునే నోరు కాదు.

"అన్నా, నీ కాళ్లు జూసుకున్నవా? రొట్టెపిండి లెక్క ఉబ్బినయ్."

"దినమంతా ముడుచుకోని కూచుంటే ఉబ్బక ఏం జేస్తాయప్పా. నిలబడి పనిజేసేటోనివి, నీకేం తెలుస్తాది మా బాధ."

"నాకు తెల్వదు గనీ, నువ్ నడుస్తుంటె తాగినోని లెక్కనే ఉన్నది. రోజా ఉండంగ తాగిండంటరు మంది."

"నోర్ముయ్ రా సామీ. పాపం తగులుతాది."

అప్పటికి రంజాన్ నెల వచ్చింది. పండక్కి ఒమన్‌లో ప్రతి మొగపిల్లవాడికీ కొత్త దిష్‌దాషా కావాలి. దుకాణంలో బట్టలు కప్పుదాకా పేరుకున్నాయి. ఆ నెలలో చేతిపనివాడు డాక్టరు దగ్గరికి పోవడమంటే పెళ్లికొడుకు పీటల మీద నుంచి లేచిపోవడమే. ఖమరుద్దీన్ పోలేదు. నేల మీద నడుస్తున్నట్టు లేదు, దూది పరుపు మీద నడుస్తున్నట్టు ఉంది. అయినా పోలేదు.

ఒకరోజు మసీదులో నమాజుకు ముందు వజూ చేసుకుంటూ మొహం మీద నీళ్లు చల్లుకున్నాడు. కళ్లు మూసుకున్న ఆ క్షణంలోనే వెనక్కి విరుచుకుపడ్డాడు. పాచి మీద జారాడన్నారు అందరూ. తనూ అదే అన్నాడు. మర్నాడు పాచి లేని చోట నిలబడి మొహం కడిగాడు. మళ్లీ పడబోయి కుళాయి పట్టుకున్నాడు. కళ్లు తెరిచి ఉన్నంత సేపు నిలబడగలుగుతున్నాడు, మూస్తే కాళ్లు ఎక్కడున్నాయో తెలియడం లేదు. ఆ సంగతి అతనికి అర్థమైంది. ఎవరికీ చెప్పలేదు. అప్పటి నుంచి ఒక కన్ను మూసి ఒక కన్ను తెరిచి మొహం కడుక్కునేవాడు.

ఇంకో సంగతి కూడా కనిపెట్టాడు. జమాత్‌లో అందరితో కలిసి వరసలో నిలబడితే పడడు. ఇటు ఒక భుజం ఆనుకుని ఉంటుంది, అటు ఒక భుజం. ఆ భుజాలే నిలబెడతాయి. అవి వంగితే తనూ వంగాలని తెలుస్తుంది, లేస్తే లేవాలని తెలుస్తుంది. తన కాళ్లు చెప్పని కబురు పక్కవాడి భుజం చెబుతోంది. దాంతో ఒక్క జమాత్ కూడా వదల్లేదు. ఎవరికి వాళ్లు విడిగా చేసే సున్నత్ నమాజులు మాత్రం కూచునే చదివేవాడు. ఖమర్ భాయ్‌కి ఈ ఏడు భక్తి పెరిగిందని మసీదులో చెప్పుకున్నారు. ఇమాం సాబ్ ఒకరోజు అందరి ముందూ మెచ్చుకున్నాడు కూడా. ఖమరుద్దీన్ తల వంచుకుని నిలబడ్డాడు. ఆ మెప్పుకు మాత్రం అతను మెత్తబడలేదు.

పండగ దగ్గరికొచ్చాక వేళ్ల వంతు వచ్చింది. సూది గుచ్చుకుంటే తెలియడం లేదు. తెల్లటి బట్ట మీద చిన్న చిన్న ఎర్ర చుక్కలు పడ్డాక చూసుకుని, ఇది ఎవడి రక్తం అన్నట్టు వేళ్లు తిప్పి చూసేవాడు. కుచ్చు కట్టాలంటే కళ్లు దాని మీదే పెట్టాల్సి వచ్చింది. కళ్లు పెడితే చెయ్యి వణికింది. దుకాణం యజమాని, అందరూ అర్బాబ్ అని పిలిచే ఒమనీ పెద్దాయన, ఒక బట్ట విప్పి వెలుతురుకు పెట్టాడు.

"ఖమర్, యే క్యా హై? దమ్ హై యే." దమ్ అంటే అరబ్బీలో రక్తం.

"సూది గుచ్చుకుంది అర్బాబ్."

"నీకు సూది గుచ్చుకోవడం నేను ఇంతవరకు చూడలేదు."

ఆ మాట తిట్టు కాదు. అందుకే ఎక్కువ తగిలింది.

పండగ అయ్యాక ఖబూరాలోని క్లినిక్‌లో నరాల బలానికని సూదులు పొడిచారు. ఏమీ కాలేదు. పెన్ను పట్టుకుని సంతకం పెట్టలేని రోజు వచ్చాక అర్బాబ్ ఎవరెవరికో ఫోన్లు చేసి మస్కట్‌లో ఒక పెద్దాసుపత్రిలో చేర్పించాడు. అర్బాబ్ చెడ్డవాడు కాదు. ఈ కథలో చెడ్డవాడు ఎవరూ లేరు, ఉండుంటే కనీసం ఎవరో ఒకరిని తిట్టుకునే సుఖమైనా మిగిలేది.

ఆసుపత్రిలో చూసిన డాక్టరు సిద్రా. చిన్న వయసు. అక్కడే ఘుబ్రాలో ఇండియన్ స్కూల్లో చదువుకుని, డాక్టరై, మళ్లీ మస్కట్‌కే వచ్చింది. అమ్మమ్మ వాళ్లది రాయచోటి. ఆ పేరు వినగానే ఖమరుద్దీన్‌కు సగం జబ్బు నయమైనట్టు అనిపించింది. ఆమె అతని కళ్లు మూయించి కాలి బొటనవేలు పట్టుకుంది.

"చాచా, ఇప్పుడు వేలు పైకి ఉందా, కిందికి ఉందా?"

"పైకి."

"ఇప్పుడు?"

"కిందికి... లేదు, పైకి."

"ఊహించి చెప్పొద్దు. తెలియకపోతే తెలియదనండి."

"తెలీదమ్మా," అన్నాడు. నా కాలు నాకు తెలీదని పరాయి మనిషి ముందు ఒప్పుకోవడం అతనికి గుడ్డలిప్పుకున్నట్టు ఉంది.

ఇలాంటి నరాల జబ్బుల్లో ఎక్కువమందికి పనిచేసే మందునే మొదట ఎక్కించారు. అతనికి పనిచేయలేదు, పైగా వణుకు పెరిగింది. మూత్రంలో ప్రొటీన్ పోతోందని తేలింది. కాళ్ల వాపు అందువల్లేనట. సిద్రాకు అనుమానం వచ్చి రక్తం తీసి వేరే దేశానికి పంపింది. అక్కడి నుంచి జవాబు రావడానికి వారాలు పట్టింది. ఆ వారాల్లో ఖమరుద్దీన్ అన్నం ముద్ద నోటి దాకా తీసుకుపోవడం కోసం ప్రతి ముద్దతోనూ కుస్తీ పట్టాడు.

జైనబీ వీడియో కాల్ చేస్తే మొహం మాత్రమే కనబడేలా ఫోన్ దిండుకు ఆనించేవాడు.

"ఏంది శబ్దం? ఏం పడింది?" అందొకరోజు.

"పక్కోడి గ్లాసు."

"నీ చెయ్యి చూపియ్."

"సెలైన్ పెట్టుండారు. తర్వాత చూపిస్తా."

"నువ్వు అబద్ధం జెప్తే నీ ముక్కు ఎర్రగైతాది. ఫోన్లో గూడా కనిపిస్తాది."

అతను నవ్వాడు. ఆమె నవ్వలేదు.

జవాబు వచ్చిన రోజు శుక్రవారం. ఇస్తారికి సెలవు కాబట్టి బస్సెక్కి చూడ్డానికి వచ్చాడు. సిద్రా మంచం పక్కన కుర్చీ లాక్కుని కూచుంది. నిలబడి చెప్పే సంగతి కాదని ఇద్దరికీ అర్థమైంది.

"నరం లోపల సన్నటి పోగు ఉంటుంది చాచా. దాని మీద పొర చుట్టలు చుట్టలుగా చుట్టుకుని ఉంటుంది. ఆ పొర మొత్తం ఒకే ముక్క కాదు, మధ్యమధ్యలో ఖాళీలు ఉంటాయి. మెదడు నుంచి వేలికి పోయే కబురైనా, వేలి నుంచి మెదడుకు వచ్చే కబురైనా ఆ ఖాళీ నుంచి ఈ ఖాళీకి దూకుతూ పోతుంది. ఆ ఖాళీ పక్కన పొర అంచు పోగును గట్టిగా కరుచుకుని ఉండాలి. కరుచుకునేది ఊరికే కాదు. పోగు పైన కొన్ని ప్రొటీన్లు ఉంటాయి, అవి చెయ్యి చాపుతాయి. పొర వైపు నుంచి ఇంకో ప్రొటీన్ ఆ చెయ్యి పట్టుకుంటుంది. పోగు వైపు వాటిలో ఒకదాని పేరు కాంటాక్టిన్. మీ ఒంట్లో రోగాల మీద పోరాడాల్సిన యాంటీబాడీలు ఆ కాంటాక్టిన్‌ను శత్రువనుకుని పట్టుకున్నాయి. ఇక అది పొర చెయ్యి పట్టుకోలేదు."

ఖమరుద్దీన్ తన భాషలో వెతుక్కున్నాడు. "బకరం ఊడినట్టా? మెడపట్టీ లోపల రెండు గుడ్డల నడుమ బకరమనే బిరుసు గుడ్డ పెట్టి ఇస్త్రీ వేడికి అంటిస్తాం. నాసి సరుకైతే ఉతికితే ఊడి బుడగలొస్తాయి. గుడ్డ చినగదు, దారం తెగదు. మెడ మాత్రం నిలబడదు."

"సగం అదే. మిగతా సగం అది కాదు. మీ బకరం జిగురు అంటుకుంటుంది, అంతే. ఈ ప్రొటీన్లు అంటుకుని ఊరుకోవు, చెబుతాయి కూడా. ఇక్కడ పొర అంచు ఉంది, ఈ రకం గేట్లు ఇటు ఉండాలి, ఆ రకం గేట్లు అటు ఉండాలి అని పోగుకు చెబుతుంటాయి. ఆ గేట్లు తెరుచుకుని మూసుకుంటేనే కబురు ముందుకు దూకేది. పట్టు వదిలిందంటే చెప్పేవాళ్లు లేరు. గేట్లు కలగాపులగమైపోతాయి. కబురు సగం దారిలో ఆరిపోతుంది."

"మా ఫోర్‌మన్ లెక్కన్నట్టు," అన్నాడు ఇస్తారి. "ఆయన సైట్ మీదుంటె ఎవని జాగల వాడుంటడు. చాయ్‌కి పోయిండంటె రోలర్ నడిపెటోడు పార వడ్తడు, పార వట్టెటోడు రోలర్ ఎక్కుతడు."

సిద్రా నవ్వింది. ఖమరుద్దీన్ నవ్వలేదు. అతనికి కావలసిన మాట ఇంకా రాలేదు.

"అయితే మళ్లా అంటించొచ్చు గదా బేటీ?"

"అంటించుకోవాల్సింది శరీరమే. ఆ యాంటీబాడీలు తయారుచేసే కణాలను అణచే మందు ఉంది, అది ఎక్కిస్తాం. దాడి ఆగితే పట్టు మళ్లీ కుదిరే వీలుంది. తొందరగా వచ్చినవాళ్లు కొందరు లేచి నడుచుకుంటూ పోయారు. కానీ పొర చాలాకాలం ఊడి ఉంటే లోపలి పోగే చచ్చిపోవచ్చు. చచ్చినదాన్ని ఏ మందూ లేపలేదు." ఆమె కుర్చీ ఇంకాస్త దగ్గరికి జరుపుకుంది. "మీకు ఎప్పుడు మొదలైంది?"

"చలికాలంలో. తిమ్మిరనుకున్నా. మా పనిలో అందరికీ ఉంటాది."

కిటికీ బయట ఎండ మండుతోంది. ఆ చలికాలం ఎప్పుడో పోయింది.

"అప్పుడే వచ్చుంటే?"

"అది ఇప్పుడు చెబితే మీకేం లాభం చాచా," అంది సిద్రా. ఆమె కసిరినట్టు అనలేదు. కానీ అంతకంటే పచ్చిగా ఎవరూ చెప్పలేరు.

మందు ఎక్కించారు. కొన్నాళ్లాగి మళ్లీ ఎక్కించారు. నెలలు గడిచాయి. వాపు దిగింది, మూత్రం బాగుపడింది. కర్ర పట్టుకుని కళ్లు నేల మీద పెట్టి నడవడం వచ్చింది. ఇస్తారి ఫోన్‌లో వీడియో తీసి దుకాణంలో అందరికీ చూపించాడు. ఖమరుద్దీన్‌కు మాత్రం నడకతో పని లేదు. నడవలేని దర్జీ ఉండొచ్చు. అతను ఎప్పుడు ఒంటరిగా ఉన్నా రెండు వేళ్ల మధ్య దారం ముక్క పెట్టి కళ్లు మూసుకునేవాడు. దారం ఉందో లేదో చెప్పాలి. ఉందనిపించేది. కళ్లు తెరిస్తే దారం దుప్పటి మీద పడి ఉండేది.

చివరిసారి ఇస్తారిని తోడు తీసుకుని మస్కట్‌కు పరీక్షలకు వెళ్లినప్పుడు సిద్రా తీగలు అంటించి, చేతి నరాల్లోకి చిన్న చిన్న షాకులు పంపి, తెర మీద చూసింది. తెర మీద చాలాచోట్ల గీత చదునుగా పోయింది.

"రక్తంలో ఆ యాంటీబాడీలు ఇప్పుడు లేవు. దాడి ఆగిపోయింది," అంది. "ఇంతకంటే దిగజారకుండా చూసుకోగలం. మందు మానకుండా వాడితే."

"మంచిది."

"కాళ్లు ఇంకొంచెం మెరుగుపడొచ్చు."

"బేటీ, నేను కుచ్చు కట్టగలనా? అదొక్కటి చెప్పు."

ఆమె తెర వైపు చూసింది. తర్వాత అతని వైపే చూసి చెప్పింది. "లేదు చాచా."

అతను తల ఊపాడు. ఆమె అబద్ధం చెప్పనందుకు కోపం రాలేదు. చెప్పి ఉంటే బాగుండునని మాత్రం అనిపించింది. తిరుగు బస్సులో ఇస్తారి పక్కన కూచున్నాడు. బర్కా ఊరు దాటాక ఇస్తారి ఊరుకోలేక అడిగాడు.

"ఏమన్నదన్నా డాక్టరమ్మ?"

"ఇంతకంటే దిగదంట."

"మంచిదే గద మరి."

"మంచిదే."

"గట్లంటవేంది మంచిదే అని, ఎవలో సచ్చినట్టు."

ఖమరుద్దీన్ కిటికీలోంచి ఖర్జూరం తోటలను చూస్తూ ఉండిపోయాడు. ఇస్తారి సంచిలోంచి నీళ్ల సీసా తీసి మూత విప్పి చేతికి ఇచ్చాడు. ఇచ్చి, ఆ చేతిని తన చేత్తో పట్టుకునే ఉన్నాడు. లేకపోతే సీసా జారుతుందని ఇద్దరికీ తెలుసు.

దుకాణంలో చాప మీద అప్పటికే కమ్రాన్ అనే కొత్త మనిషి కూచుని ఉన్నాడు. ఖమరుద్దీన్ ఈడువాడే, చెవుల దగ్గర తెల్ల వెంట్రుకలు. బర్కాలో ఇంకో దుకాణంలో చేసి వచ్చాడు. పండగ మళ్లీ దగ్గర పడుతోంది, అర్బాబ్ మాత్రం ఎన్నాళ్లు ఆగుతాడు. ఖమరుద్దీన్‌కు ఊరికి పోయే టికెట్ తీసేదాకా రూమ్‌లోనే ఉండమన్నాడు. ఒక్కటే అడిగాడు. పాత గిరాకీలు ఖమర్ కట్టిన కుచ్చే కావాలంటారు, ఆ పద్ధతి కమ్రాన్‌కు చెప్పి పో అన్నాడు.

ఆ మాటతో ఖమరుద్దీన్‌లో ఎక్కడో కాస్త ప్రాణం లేచింది. చేతులు పోతేనేం, పని తెలిసిన మనిషి తను. పోయి చాప మీద, కమ్రాన్ పక్కన, జాగ్రత్తగా ఒక్కో మోకాలూ మడుచుకుని కూచున్నాడు.

కమ్రాన్ పోగులు తీసి సిద్ధంగా పెట్టుకున్నాడు. "చెప్పు ఉస్తాద్. మొదట కుచ్చు తలకు ఎన్ని చుట్లు?"

ఖమరుద్దీన్ నోరు తెరిచాడు. ఎన్ని చుట్లు? లెక్కపెట్టిన గుర్తు లేదు. చాలనిపించినప్పుడు వేళ్లు ఆగేవి. చాలని ఆ వేళ్లకు ఎలా తెలిసేదో అతనికి ఏనాడూ తెలియాల్సిన అవసరం రాలేదు.

"చుట్టుకుంటా పో. బిగువుగా."

"ఎంత బిగువు?"

"మరీ బిగువు గాదు."

కమ్రాన్ చుట్టాడు. "ఇంతా?"

ఖమరుద్దీన్ చెయ్యి చాపి ఆ దారాన్ని పట్టుకున్నాడు. పట్టుకున్నట్టు కంటికి కనబడింది. వేళ్ల నుంచి ఏ కబురూ రాలేదు. బిగువుగా ఉందో వదులుగా ఉందో, దారమో గాలో. కళ్లు మూసుకుంటే గుర్తొస్తుందేమోనని మూసుకుని చూశాడు. పక్కకు ఒరిగిపోతుంటే కమ్రాన్ భుజం అడ్డం పెట్టి ఆపాడు.

"చేతికి తెలుస్తాది," అన్నాడు చివరికి.

"ఎవరి చేతికి ఉస్తాద్?" కమ్రాన్ వెక్కిరించలేదు. నిజంగానే అడిగాడు. పని నేర్చుకోవాలనుకునే మనిషి అడిగే ప్రశ్న అది.

ఖమరుద్దీన్ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. మిషన్ల మీద పనిచేసేవాళ్లు తలలు వంచుకుని కుట్టుకుంటున్నట్టు నటించారు. కాసేపు చూసి, కమ్రాన్ తనకు వచ్చిన పద్ధతిలో తను కట్టడం మొదలుపెట్టాడు. సాయంత్రం ఒక ముసలి జాలరి వచ్చాడు. ఏళ్ల తరబడి ఖమర్ కట్టిన కుచ్చు తప్ప వేసుకోనివాడు. కొత్త దిష్‌దాషా విప్పి చూసుకున్నాడు, కుచ్చును వేళ్ల మధ్య నలిపాడు, జేబులోంచి అత్తరు సీసా తీసి దానికి రాసి వాసన చూశాడు. షుక్రన్ అని కృతజ్ఞత చెప్పి బట్ట చంకలో పెట్టుకుని వెళ్లిపోయాడు.

ఖమరుద్దీన్ కూడా ఆ కుచ్చును చూశాడు. బాగానే ఉంది.

"కొంచెం జరుగు ఉస్తాద్," అన్నాడు కమ్రాన్, ఇంకో బట్ట ఒళ్లోకి లాక్కుంటూ. "వెలుతురు పడట్లే."

ఖమరుద్దీన్ రెండు అరచేతులూ నేలకు ఆనించి, అవి ఆనాయో లేదో చూసుకుని, జరిగాడు.